వాళ్లు నిప్పు దుంకిండ్రు, మనం నీళ్లు పోసుకున్నం

పొగ కండ్లల్ల పడ్తాందని దూరం జరుగకుండ్రి. గిది దోమల పొగ. ఎండు పిడకలు రాజేసి పైన పచ్చి యాపాకు ఏస్తె కొట్టంల బర్లు నిమ్మళంగ నెమరేస్తయి, మనం నిమ్మళంగ ముచ్చట పెట్టుకోవచ్చు. మంట కాడ కూసున్నంక మంట ముచ్చటే చెప్పాలె గద.

మా మనుమరాలు బెలారస్ దేశంల, మిన్స్క్ పట్నంల డాక్టర్ చదువు చదువుతాంది. సెలవులకు ఒచ్చినప్పుడు ఆడి పండుగ ఒకటి చెప్పింది. కుపాల అంటరట. జులై 6 రాత్రి ఎవ్వలు పండుకోరు. ఊరవతల ఏటి ఒడ్డుకు పోయి పెద్ద నెగడు ఏస్తరు. ఆడపిల్లలు అడివిపూలు, ఆకులు కలిపి దండలల్లి తలకు పెట్టుకుంటరు. చీకటి పడ్డంక ఆ దండల నడుమ మైనం బత్తి ముట్టిచ్చి ఏట్ల ఇడుస్తరు. దండ పారుకుంట పోతె పెండ్లి దగ్గర పడ్డట్టు, మునిగితె కీడు. పిల్ల, పిలగాడు చెయ్యి చెయ్యి పట్టుకొని నెగడు మీంచి దుంకుతరు. చేతులు ఇడిపోకుంటె ఆ జోడి నిలుస్తదని లెక్క. బండి గాన్లకు గడ్డి సుట్టి, నిప్పు పెట్టి, గుట్ట మీంచి దొర్లిస్తరు. ఆవులకు రోగాలు రావద్దని మంటల నడుమ నుంచి తోలుడు గూడ ఎనుకట ఉండెనట. ఆ రాత్రి తెంపిన మూలికకు, ఆ తెల్లారి పడ్డ మంచుకు బలమెక్కువని నమ్మకం. ఇగ ఫెర్న్ అని ఒక మొక్క ఉన్నది, దానికి ఎన్నడు పువ్వు పుయ్యదు. గని ఆ ఒక్క అర్ధరాత్రి పూస్తదట. ఆ పువ్వు దొరికినోనికి భూమిల పాతిపెట్టిన ధనం కనవడ్తదట. గోగోల్ అనే పెద్ద రచయిత 1830ల ఆ రాత్రి మీదనే కథ రాశిండు. మేడిపువ్వును సూశినోడు మన దిక్కు గూడ లేడు గద, ధనం సంగతి దేవుడెరుగు.

ఎంత పాతది ఈ ఆచారం అని నేనడిగిన. 1505ల రష్యాల, ప్స్కోవ్ కాడ, పామ్ఫిల్ అనే మఠం పెద్ద ఒకాయన ఈ రాత్రిని తిట్టుకుంట ఉత్తరం రాశిండట. ఆడోళ్లు మగోళ్లు కలిసి ఎగురుతాండ్రు, డప్పులు కొడ్తాండ్రు, ఇది దయ్యాల కొలుపు అని. ఆయన ఆపాలనుకున్నడు. పండుగ ఆగలేదు గని, ఆయన తిట్టిన కాగితమే ఇప్పుడు ఆ పండుగకు పాత సాక్ష్యం అయి కూసున్నది. తిట్టెటోళ్లు సుత చరిత్రకు పనికొస్తరు.

ఇండ్ల నాకు నచ్చిన తిరకాసు ఒకటి ఉన్నది. అది పొద్దు తిరిగే పండుగ. అన్నిట్ల పెద్ద పగలు జూన్ 21. మరి జులై 6 రాత్రి ఎందుకు చేస్తరు? వాళ్ల చర్చి పాత క్యాలెండర్ తోటి నడుస్తది. ఆ క్యాలెండర్ 13 రోజులు ఎనుకబడ్డది. పొద్దు ఎప్పుడో తిరిగిపోయినంక తీరుబడిగ నెగడు ఏస్తరు. పక్కన పోలండుల కొత్త క్యాలెండర్ కాబట్టి జూన్ 23 రాత్రే అయిపోతది. నవ్వకుండ్రి, మన పంచాంగం ఇంకా ఎనుక ఉన్నది. దక్షిణాయనం జులై 16 దిక్కు రాస్తరు గద? పొద్దు మాత్రం జూన్ 21నే తిరుగుతది. పొద్దు తిరిగినంక ఆళ్లు 15 రోజులు ఆలిశం, మనం 25 రోజులు.

గని కార్తెలు తప్పలే. మన రైతులకు కార్తెలే గడియారం. రోహిణి పోయి మిరుగు ఒస్తది జూన్ 7, 8 దిక్కు. మిరుగు పోయి ఆరుద్ర ఒస్తది, సక్కగ జూన్ 21, 22ల. వాళ్లు నెగడు ఎయ్యాల్సిన అసలు రోజు మనకు ఆరుద్ర కార్తె మొదటి రోజు. ఆ దినాలల్ల మిట్టమద్దినం మన జనగామ గడ్డ మీద నిలబడి నీడ సూసుకోండ్రి, నీడ దక్షిణం దిక్కు పడ్తది. పొద్దు మన నెత్తి దాటి ఉత్తరం ఒరిగి ఉంటడు. చలికాలం ఎన్నడు అట్ల పడదు.

ఇగ నా ముచ్చటంతా ఈడనే ఉన్నది. వాళ్లకు ఏడాదిల సగం చలి, మంచు. మిన్స్క్ కాడ ఆ దినం పగలు 17 గంటలుంటది. అంత ఎలుగు మళ్ల దొరకదని, పొద్దు తగ్గకముందే మంటలేసుకొని మురుస్తరు. మనకు ఆ దినం పగలు 13 గంటలే. అయినా రోహిణిల రోళ్లు పలిగినంక మనకు నిప్పు మీద ఏం మోజు? అందుకని నడి ఎండకాలం దాటంగనె మనం పెట్టుకున్న ఆచారాలన్ని నీళ్ల ఆచారాలు. మన నిప్పు పండుగ కాముని పున్నం. అది చలి పోయే ఫాల్గుణంలనే అయిపోతది. పోరగాండ్లు జాజిరి ఆడి, ఇండ్లల్ల కట్టెలు, పిడకలు ఎత్తుకొచ్చి కాముణ్ణి కాల్చుడు, తెల్లారి మోదుగుపూల రంగు సల్లుకునుడు, అంతటితోటి నిప్పు సరి.

మా ఊరికి ఏరు లేదు, కాలువ లేదు. చెరువు నిండితె బువ్వ. 1972 కరువు మీరు ఎరుగరు. ఆరుద్ర ఒచ్చినా మబ్బు లేదు. అప్పుడు ఆడినం కప్పతల్లి. రోకలి నడుమ తడిబట్టల కప్పను కట్టి, సుట్టూ యాపకొమ్మలు చెక్కి, రెండు దిక్కుల ఇద్దరు భుజాన మోస్తరు. ఎనుక పిల్లల గుంపు పాడుకుంట ఇల్లిల్లు తిరుగుతది. ఇంటామె బిందెతోటి నీళ్లు తెచ్చి రోకలి మీద, మోసెటోని నెత్తి మీద గుమ్మరియ్యాలె, జోలెల గుప్పెడు గింజలు ఎయ్యాలె. బాయిల నీళ్లు అడుగంటినయి, తాగెతందుకు చేదుకుంటె సగం బురద. అయినా కప్పతల్లికి నీళ్లు లేవన్న ఇల్లు లేదు. గింజలన్ని ఒక్కకాడ వండి పిల్లలకే పెట్టేది. కరువుల పిల్లగాండ్లకు ఒక్కపూట కడుపునిండ పెట్టెతందుకే పెద్దలు ఈ ఆట కనిపెట్టిండ్రేమో అని నాకు అనిపిస్తది.

దానికీ వాన రాకపోతె వరద పాశం. గుట్ట మీద సాపు బండ సూసి కడిగేది. బెల్లం పాశం వండి ఆ బండ మీద పోసేది. చెయ్యి ఆనకుండ నాలికతోటి నాకి తినాలె. పటేలైనా, జీతగాడైనా మోకాళ్ల మీద వంగాల్సిందే. దొరల పాలన నడిచిన గడ్డ ఇది. మనిషి ముంగట మనిషి వంగిన రోజులు మా నాయిన సూశిండు. బండ ముంగట అందరు వంగుడు వేరే ముచ్చట. వాన కోసమే గుళ్లె విరాటపర్వం చదివిచ్చేది, శివలింగానికి ఊరంత బిందెలు మోసి నీళ్లు పోసేది. భూపాలపల్లి దాటి కాళేశ్వరం పోతె ఒక్క పానవట్టం మీద రెండు లింగాలుంటయి. ఒకటి కాళేశ్వరుడు, ఒకటి ముక్తేశ్వరుడు. ముక్తేశ్వరుని లింగానికి తొర్ర ఉంటది. అండ్ల పోసిన నీళ్లు లోపటి నుంచే పోయి గోదారి, ప్రాణహిత కలిసేకాడ కలుస్తయని నమ్మకం. మా పెద్దోడు భూపాలపల్లిల సింగరేణి బొగ్గుబాయిల పని జేసినన్ని రోజులు నేను ఆ దిక్కు పోయేది. నీళ్లు పోసుడు అంటె ఎంత పెద్ద మొక్కో ఆడ అర్థమయింది.

మరి నడి ఎండకాలం మన దిక్కు మంటలే లేవా అంటె, ఉన్నయి. గని ముప్పై రెండు, ముప్పై మూడేండ్లకు ఒకసారి. ఎట్లనో ఇనుండ్రి.

పీర్ల పండుగ చంద్రుని లెక్క. ఏడాదికి పది, పదకొండు రోజులు ముందటికి జరుగుతది. ఒకసారి చలికాలం, ఒకసారి వానకాలం, ఒకసారి నడి ఎండ. 1961ల అది జూన్ నడుమ మొదలయి జూన్ 24 దిక్కు అయిపోయింది. నేను అప్పుడు పోరగాణ్ణి. పీర్ల కొట్టం ముంగట అలాయి గుంత తవ్వి, చంద్రుడు కనవడ్డ కాన్నుంచి రోజూ రాత్రి కట్టెలు కాలుస్తరు. ఊర్లె తురకోళ్ల ఇండ్లు ఏళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మోసెటోళ్లు, ఆడెటోళ్లు, దట్టీలు కట్టెటోళ్లు, కుడుకలు, చక్కెర తెచ్చెటోళ్లు అంతా కాపోళ్లు, గొల్లోళ్లు, మాదిగోళ్లు. ఊదు పొగ, డప్పుల మోత, గుంత సుట్టు దూలా ఆట.

ఆ యేడు పెద్ద రాత్రి నాటికి ఆరుద్ర కార్తె పడ్డది. పొద్దుగూకంగనె ఉత్తరం నుంచి నల్లటి మబ్బు లేశింది. నెల పొద్దుల సంది వాన, వాన అని మొక్కిన జనమే, దేవుడా ఈ ఒక్క రాత్రి ఆపు అని మొక్కవట్టిండ్రు. అలాయి ఆరిపోతదని తాటాకులు, తడకలు తెచ్చి పందిరి ఏశిండ్రు. పందిరికే ఎక్కడ అంటుకుంటదో అని ఇద్దరు ముసలోళ్లు కడవలు పట్టుకొని కావలి కూసున్నరు. వాన ఆగిందా అంటె ఆగలే. సన్నగ మొదలయింది. పీరెత్తినాయన చినుకులల్లనె నిప్పుల మీద నడిచిండు. చినుకు పడ్డకాడల్ల నిప్పు సుయ్యిమనేది. ఎనుక పోరగాండ్లు గుంత అంచు మీంచి దుంకిండ్రు, ఎవ్వలు చెప్పలే, ఎవ్వలు ఆపలే. తెల్లారి పీర్లను చెరువుకు తీస్కపోయి కడిగిండ్రు. అటే ఎద్దులను గూడ తోల్కపోయి కడిగినోళ్లున్నరు. మూడు రోజులకు నాగండ్లు కట్టిండ్రు.

మనుమరాలు నెగడు మీంచి దుంకుడు చెప్పంగనె నాకు ఆ రాత్రే యాదికొచ్చింది. పిల్ల పిలగాడు చెయ్యి పట్టుకొని దుంకుడు మాత్రం మా కాలంల లేదు. ఉంటె నాయిన కాళ్లిరగగొట్టెటోడు.

ఇగ మళ్ల కార్తెల కాడికి ఒద్దాం. మిరుగు నాడు చేపలు తినాలె, అది అందరెరిగిందే. ఒంట్ల ఏడి పుడ్తదని చెప్తరు. నన్నడిగితె ఇంకో కారణం ఉన్నది. ఆ రోజులకు చెరువు మడుగుల మందం మిగుల్తది, కొర్రమట్టలు చేతికే దొరుకుతయి. వాన పడి చెరువు నిండినంక పట్టుడు కష్టం. నీసు తినని ఇండ్లల్ల బెల్లంల ఇంగువ పెట్టి మింగేది. ఆరుద్ర చినుకులకు ఎర్రటి మెత్తటి ఆరుద్ర పురుగులు దుబ్బల నుంచి బయటికొచ్చేవి. అగ్గిపెట్టెల గడ్డిపోచలేసి ఆటిని దాసుకునేది. జేబుల అగ్గిపెట్టె ఉన్నదని బీడీ తాగుతాన్నవా అని నన్ను మా తాత ఒకసారి సతాయించిండు. ఇప్పటి చెల్కలల్ల ఆ పురుగులు కనవడుడు తక్కువయింది.

జ్యేష్ఠం పున్నం ఏరువాక. ఎద్దుల కొమ్ములకు రంగేసి, మెడలకు గజ్జెలు కట్టి, నాగలికి పసుపు కుంకుమ పెట్టి, ఒక్క సాలు దున్ని ఒచ్చేది. ఆ పూట ఎద్దులకే ముందు వండి పెట్టాలె. భూపాలపల్లి అడివిల కోయోళ్లకు దీనికంటె ముందే విత్తనాల పండుగ ఉంటది. ఇంటింటి విత్తనాలు తెచ్చి వేల్పు ముంగట పెట్టి, మొక్కినంకనె పంచుకొని చల్లుతరు.

మా చెల్లెను మానుకోట దిక్కు ఇచ్చినం. మహబూబాబాద్ అని కాగితంల రాస్తరు గని మాకు మానుకోటే. ఆడ ఊరికంటె తండాలెక్కువ. ఆకేరు, మున్నేరు పారే నేల. చెల్లె ఇంటికి ఆషాఢంల పోతె సీత్ల పండుగ సూసేది. మంగళారం నాడు చేస్తరు. తండా పొలిమేర మీద చెట్టు కింద ఏడు రాళ్లు నిలబెట్టి, ఏడుగురు తల్లులని కొలుస్తరు. ఉడికిచ్చిన గుగ్గిళ్లు, లాప్సీ పెడ్తరు. మేకను కోసి దాని పేగులు తొవ్వకు అడ్డం పరిచి, తండా గొడ్డుగోదనంతా దాని మీంచి దాటిస్తరు. ఆడోళ్లు ఆ గొడ్ల మీద నీళ్లు, గుగ్గిళ్లు సల్లుతరు. వానకాలం మొదట్ల పశువులకు గాలికుంటు, గొంతువాపు ఒచ్చే రోజులవి. బెలారసోళ్లు ఆవులను మంటల నడుమ తోలిందీ, తండోళ్లు పేగు దాటిచ్చిందీ ఒక్క భయానికే.

దండలు ఏట్ల ఇడిశిన పిల్లల ముచ్చట చెప్పిన గద, దానికి సరిజోడు మాత్రం తీజ్. శ్రావణంల రాఖీ పున్నం దాటినంక తండాల పెండ్లిగాని పిల్లలు పుట్టమన్ను తెస్తరు. చిన్న చిన్న బుట్టలల్ల ఆ మన్ను, ఎరువు కలిపి నింపి, నానవెట్టిన గోధుమలు చల్లుతరు. తండా నాయక్ ఇంటి ముంగట మంచె కట్టి బుట్టలన్ని దాని మీద పెడ్తరు. తొమ్మిదొద్దులు పిల్లలు పూటపూటకు బాయి నీళ్లు తెచ్చి పోస్తరు, సుట్టూ పాడుకుంట ఎగురుతరు. ఉప్పుకారం లేని తిండి తిని ఉపాసం పట్టే పిల్లలుంటరు. మొలక ఎంత ఏపుగ ఎదిగితె అంత మంచి మొగడు, అంత మంచి పంట. మా చెల్లె ఇంటి పక్క ముసలవ్వ ఒకామె బుట్టలు సూసి ఈ యేడు వాన ఎట్లుంటదో చెప్పేది. ఆమె చెప్పింది రేడియో చెప్పినదానికంటె ఎక్కువసార్లే నిజమయిందని చెల్లె వాదన.

మొదటి రోజు ఒక వేడుక ఉంటది. పిల్లలు రేగుముండ్ల కొమ్మకు నానిన సెనగలు గుచ్చాలె, బావ వరసోళ్లు ఆ కొమ్మ పట్టుకొని ఊపుతరు. ముల్లు చేతిల గుచ్చుకున్నా పిల్ల అమ్మా అనొద్దు. కృష్ణాష్టమి దాటినంక ఆఖరి రోజు బుట్టలు నెత్తికెత్తుకొని చెరువుకో వాగుకో పోతరు. మొలకలు కొన్ని తెంపి అన్నదమ్ముల తలపాగలల్ల చెక్కుతరు, మిగిలింది నీళ్లల్ల ఇడుస్తరు. ఇడిశినంక పిల్లలు ఏడుస్తరు. నిజంగనె ఏడుస్తరు, ఏడాది తిరిగేసరికి ఎవ్వలు ఈ తండాల ఉంటరో, ఎవ్వలు అత్తగారింటికి పోతరో తెలువది గద. తండ తండకు రోజులు మారుతయి, కొన్నిట్ల ఒకటి రెండు తంతులు గూడ మారుతయి. ఏడుపు మాత్రం అన్ని తండాలల్ల ఉన్నది.

మనోళ్ల పిల్లలకు బొడ్డెమ్మ. బతుకమ్మకు ముందు తొమ్మిదొద్దులు, పుట్టమన్నుతోటి చేసి, పెండ్లిగాని పిల్లలే ఆడి, నీళ్లల్ల సాగనంపుతరు. బతుకమ్మ ముచ్చట మీకు తెలిసిందే, 2014ల సర్కారు పండుగయినంక టీవీల గూడ సూస్తాండ్రు. బొడ్డెమ్మ మాత్రం ఎనుకకు పోయింది. పట్నం పిల్లకు బతుకమ్మ తెలుసు, బొడ్డెమ్మ అంటె తెల్లమొకం ఏస్తది. గిది నాకు నచ్చని సంగతి. పెద్ద పండుగకు చిన్న పండుగే మొదలు.

ఎందుకు పోయినయి ఇవన్ని అని అడుగుతరు. పండుగకు పని ఉంటెనే నిలుస్తది. ఇప్పుడు ఇత్తనం దుకాణంల పొట్లంల దొరుకుతది. పత్తి ఇత్తనం ప్రతి యేడు కొనాల్సిందే, ఇంట్ల దాసుకునేది లేదు. నాగలి అటక ఎక్కింది, ట్రాక్టర్‌కు ఏరువాక నాడు కొబ్బరికాయ కొడ్తాండ్రు. కొట్టనియ్యి, తప్పు లేదు. దేవాదుల నీళ్లు మా దిక్కు చెరువులకు ఎక్కినంక ఎండకాలంల సుత అలుగు దుంకిన చెరువులను సూశిన. కప్పతల్లి ఆడే అవుసరం పడలే. నీళ్లున్నయి, ఆట పోయింది. నాకు నీళ్లే ముఖ్యం, ఆట కోసం కరువు రావాలని ఏ ముసలోడు కోరడు. గని తీజ్ పోలేదు సూడుండ్రి. తండా పిల్లలు హైదరాబాదుల కొలువు చేసుకుంట గూడ బుట్టలు పెడ్తాండ్రు. ఎందుకంటె అది వాన కోసం ఒక్కటే కాదు, పిల్లల కోసం. కుపాల గూడ ఐదు వందల ఏండ్ల కింద మఠం పెద్ద తిట్టినా నిలిచింది దానికే అని నా లెక్క. పోరగాండ్లకు చేతినిండ పని, ఒక రాత్రి స్వేచ్ఛ ఇచ్చిన పండుగను ఎవ్వలు ఆపలేరు.

1961 చెప్పిన. ముప్పై మూడేండ్లకు 1994ల మళ్ల జూన్‌లనె పీర్లు లేశినయి. అప్పుడు అలాయి కట్టెలు మోసినోళ్లల్ల నేనొకణ్ణి. లెక్క ప్రకారం మళ్ల 2026ల జూన్ 26 దిక్కు, 2027ల జూన్ నడుమ పడ్తది. ఆ తర్వాత ఇంకో ముప్పై ఏండ్లు దాటాలె, అప్పటికి నేనుండ. ఊర్లె పీరు మోసెటోళ్లు ముసలోళ్లయిండ్రు, గుంత తవ్వెతందుకు చేతులు చాలవు. నౌకరికి ఓ రెండు రోజులు సెలవు పెట్టి రాండ్రి, పార, గడ్డపార మా ఇంట్ల ఉన్నయి.